శుల్బసూత్రాలు ఉండగా గ్రీకులకెందుకంత పేరు? యూక్లిడ్ స్వీకృతాలు ఇప్పటికీ ఎందుకు చదవాలి?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ స్వీకృతాలు, అంటే నిరూపించకుండానే ఒప్పుకునే మాటలు, బట్టీ పడుతున్నాడు. పైథాగరస్ సిద్ధాంతం బాబిలోనియా వాళ్లకీ మన శుల్బసూత్రకారులకీ (యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలు రాసినవాళ్లకీ) ముందే తెలిసినప్పుడు గ్రీకులకే ఇంత పేరెందుకు అన్నది మొదటి ప్రశ్న. నిరూపక జ్యామితి (కోఆర్డినేట్ జామెట్రీ), కలనగణితం (కాల్క్యులస్) వచ్చేశాక ఆ పాతదానితో పనేముంది అన్నది రెండోది. మూడోది బాబు అడిగింది: "లంబకోణాలన్నీ సమానమని నాలుగో స్వీకృతంలో వేరే చెప్పాలా? అన్నీ 90 డిగ్రీలే కదా?" మూడింటిలోకీ నాకు బాగా నచ్చింది బాబు ప్రశ్న. దాన్ని చివర్లో తీసుకుంటాను.

ముందు సూటిగా జవాబు. గ్రీకుల దగ్గర్నుంచి గణితానికి దక్కింది ఒక పద్ధతి: నిరూపించకుండా దేన్ని ఒప్పుకుంటున్నామో మొదటి పేజీలోనే రాసిపెట్టడం, ఆ తర్వాత చెప్పే ప్రతి మాటనీ దాని మీదే నిలబెట్టడం. లంబకోణ త్రిభుజం సంగతి చాలామందికి తెలుసు. ఆ ఒప్పుకోలు జాబితా మాత్రం వాళ్లు రాసిందే. తర్వాతి రెండువేల ఏళ్ల గణితంలో పెద్ద మలుపులు చాలావరకు ఆ జాబితాని ఎవరో ఒకరు మళ్లీ అనుమానంగా చదవడం వల్ల వచ్చినవే.

ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పాను, మొదట హైస్కూల్లో, తర్వాత డిగ్రీ కాలేజీలో. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. జవాబు నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం మా ఇల్లు కట్టించుకునేటప్పుడు. పునాది ముగ్గు పోసేరోజు మేస్త్రీ దారం పట్టుకుని మూల నుంచి ఒక పక్క మూడడుగులు, రెండో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి, ఐదడుగులు వచ్చేదాకా దారం జరిపాడు. "ఐదొచ్చింది, మూల మట్టానికొచ్చినట్టే" అన్నాడు. ఇందులో పైథాగరస్ ఉన్నాడని మనం వెంటనే అంటాం. నిజానికి మేస్త్రీ వాడింది పైథాగరస్ సిద్ధాంతం కాదు, దాని విపర్యయం. మూల లంబంగా ఉంటే ఎదురు భుజం ఐదు వస్తుందనడం ఒక మాట, ఐదు వస్తే మూల లంబంగా ఉన్నట్టేననడం ఇంకో మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది దానంతట అదే నిజం కాదు. యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' గ్రంథం మొదటి భాగంలో 48 ప్రవచనాలున్నాయి, అంటే నిరూపించి చూపిన మాటలు. పైథాగరస్ సిద్ధాంతం 47వది. 48వది ఈ విపర్యయం, దానికి వేరే ఉపపత్తి (రుజువు). ఆ తేడాని పట్టుకుని రెండింటినీ విడివిడిగా రాసిన తీరే గ్రీకు జ్యామితి. పని జరగడానికి మేస్త్రీకి ఆ తేడా అక్కర్లేదు. గణితానికి కావాలి.

ఇక శుల్బసూత్రాల సంగతి. వాటిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. దీర్ఘచతురస్రపు కర్ణం మీది వైశాల్యం, నిలువు అడ్డం భుజాలు వేరువేరుగా ఇచ్చే వైశాల్యాల మొత్తానికి సమానమని బౌధాయనుడు స్పష్టంగా చెప్పాడు, మూడూ నాలుగూ అయిదుకే పరిమితం చేయకుండా. ఆపస్తంబ శుల్బసూత్రం కూడా ఉంది. ప్రవరలో "ఆపస్తంబ సూత్రః" అని చెప్పుకునే ఇళ్లు తెలుగునాట ఇప్పటికీ ఎన్నో. యజ్ఞవేదికలు తాడుతో కొలిచి కట్టాలి కాబట్టి చతురస్రపు కర్ణం పొడవు వాళ్లకు కావాలి. వాళ్లిచ్చిన లెక్క ఇది: భుజానికి దాని మూడోవంతు కలుపు, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలుపు, ఆ నాలుగోవంతులో 34వ వంతు తీసెయ్. అంటే 577/408. బాబుని ఈ చిన్న లెక్క చేయమనండి: 577ని వర్గం చేస్తే 332929. 408ని వర్గం చేసి రెండుతో గుణిస్తే 332928. తేడా ఒక్కటి! తాడుతో కొలిచే ఏ మనిషీ ఆ తేడాని కంటితో చూడలేడు. బాబిలోనియా వాళ్లదీ అలాంటి పనితనమే. క్రీ.పూ. 1800-1600 మధ్య నాటి ఒక మట్టిపలక యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. దాని మీద చతురస్రం గీసి, కర్ణానికి దశాంశాల్లో దాదాపు 1.414213 అయ్యే విలువ చెక్కారు.

గ్రీకులు అడిగిన ప్రశ్న వేరు. ఆ ఒక్కటి తేడా ఏదో ఒకనాటికి సున్నా అవుతుందా? ఎంత పెద్ద సంఖ్యలు తీసుకున్నా సరే, పైదాని వర్గం కిందిదాని వర్గానికి సరిగ్గా రెట్టింపయ్యే భిన్నం ఒక్కటైనా ఉందా? లేదని వాళ్లు తేల్చారు. ఉందనుకుని, ఆ భిన్నాన్ని ఇక కొట్టివేయడానికి వీల్లేనంత సూక్ష్మరూపంలో రాయండి. పైదాని వర్గం కిందిదాని వర్గానికి రెట్టింపు కాబట్టి పైది సరిసంఖ్య. సరిసంఖ్య వర్గం నాలుగుతో భాగమవుతుంది, కాబట్టి కిందిదాని వర్గం కూడా సరి, అంటే కిందిదీ సరిసంఖ్యే. రెండూ సరి అయితే రెండుతో ఇంకా కొట్టివేయవచ్చు. వీల్లేదని మొదటే అన్నాం. పని అయిపోయింది. ఎంత కొలిచినా తెలియని సంగతిని కొలవకుండానే తేల్చిన ఉపపత్తి ఇది. కోటి భిన్నాలు పరీక్షించినా ఈ నిశ్చయం రాదు. కంప్యూటర్ ఉన్న ఈ రోజుల్లో కూడా రాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఈ రహస్యం బయటపెట్టినందుకు పైథాగరస్ శిష్యవర్గంలోని హిపాసస్ అనే ఆయన్ని సముద్రంలో ముంచేశారన్న కథ వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది. ఆ కథలన్నీ ఆయన కాలం గడిచి వందల ఏళ్లయ్యాక రాసినవి. అసలు పైథాగరస్ స్వయంగా రాసిన వాక్యం ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. రెండోది, "భారతీయులకు ఉపపత్తులే లేవు" అనే మాట తప్పు. ఉపపత్తి అన్న మాటే మన శాస్త్రాల్లోది. 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన 'యుక్తిభాష' నిండా ఉపపత్తులే. కేరళ గణితజ్ఞుడు మాధవుడి అనంత శ్రేఢులకు (అంతులేకుండా సాగే కూడికలకు) కారణాలు అందులో ఉన్నాయి. మన సంప్రదాయంలో కనిపించనిది ఆ మొదటి పేజీ జాబితా, అంటే "వీటిని మాత్రం అడక్కుండా ఒప్పుకోండి, మిగతావన్నీ వీటి నుంచే తీస్తాను" అనే ఒడంబడిక.

క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ ఆ ఒడంబడిక రాశాడు. మొదటి భాగం మొదట్లో 23 నిర్వచనాలు, 5 స్వీకృతాలు, 5 సామాన్య భావనలు, మొత్తం 13 భాగాల్లో 465 ప్రవచనాలు. అందులో ఆయన సొంతంగా కనిపెట్టినవి కొద్దిగానే ఉండొచ్చు. వరసలో పేర్చడమే ఆయన గొప్ప. తెలుగు మీడియంలో చదివినవాళ్లం పరీక్షలో దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు ముక్కలుగా రాసేవాళ్లం, గుర్తుందా? ఆ నడక ఎలిమెంట్స్ ప్రవచనాలదే. మన దగ్గరికి అది ఇంగ్లిషు చదువులకంటే ముందే ఒకసారి వచ్చింది. 18వ శతాబ్దంలో జయపురం రాజు సవాయి జయసింహుడి ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్ ఎలిమెంట్స్‌ని సంస్కృతంలోకి తెచ్చాడు. మూలం గ్రీకు ప్రతి కాదు, పారశీక పండితుడు నసీరుద్దీన్ తూసీ 13వ శతాబ్దంలో అరబీలో సవరించి రాసిన ప్రతి. ఆ సంస్కృత గ్రంథం పేరు 'రేఖాగణితం'.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఆ పాతదానితో ఇప్పుడు పనేముందన్నది. నేను క్లాసులో చూసినదాంతో మొదలుపెడతాను. మొట్టమొదటి ప్రవచనం చాలా సులువు. ఒక రేఖాఖండం మీద సమబాహు త్రిభుజం గీయాలి. ఒక కొన కేంద్రంగా, ఆ ఖండమే వ్యాసార్థంగా ఒక వృత్తం, రెండో కొన కేంద్రంగా ఇంకో వృత్తం. అవి కలిసినచోటు మూడో శీర్షం. ఒక ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒకమ్మాయి లేచి, "అవి కలుస్తాయని ఎవరు చెప్పారు సార్?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ అమ్మాయిదే న్యాయం. యూక్లిడ్ ఐదు స్వీకృతాల్లో ఎక్కడా ఆ మాట లేదు. బొమ్మలో కలిసినట్టు కనిపిస్తోంది కాబట్టి ఆయన కలిపేశాడు. తలంలో నిరూపకాలు రెండూ భిన్నాలుగా ఉన్న బిందువులే ఉన్నాయనుకోండి, ఖండం 0 నుంచి 1 దాకా. మూడో శీర్షం ఎత్తు 3 వర్గమూలంలో సగం. అది భిన్నం కాదు, కాబట్టి ఆ బిందువు అక్కడ లేదు. రెండు వృత్తాలూ ఒకదాన్నొకటి దాటిపోతాయి, కలవవు!

ఇలాంటి ఖాళీల్ని పూడ్చేదే నేటి వాస్తవ సంఖ్యల (భిన్నాలూ, భిన్నాలుగా రాయలేనివీ కలిసిన సంఖ్యల) నిర్వచనం. కర్ణానికి భిన్నం లేదని తేలాక గ్రీకులకు ఒక చిక్కొచ్చింది: భిన్నాలుగా రాయలేని పొడవుల నిష్పత్తులు సమానమని ఎలా చెప్పడం? యూడోక్సస్ అనే గ్రీకు గణితజ్ఞుడు దారి చూపాడు, అది ఎలిమెంట్స్ ఐదో భాగంలో ఉంది. రెండు పొడవుల్నీ ఏ పూర్ణసంఖ్యలతో గుణించి పోల్చినా పెద్దా చిన్నా అన్న తీర్పు రెండు జతల్లోనూ ఒకేలా వస్తే ఆ నిష్పత్తులు సమానం. 1872లో జర్మన్ గణితజ్ఞుడు డెడెకిండ్ ఒక సంఖ్యని దానికంటే చిన్న భిన్నాల గుంపు, పెద్ద భిన్నాల గుంపుగా విడగొట్టి నిర్వచించాడు. మధ్యలో రెండువేల రెండొందల ఏళ్లున్నా రెండు ఆలోచనలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కలనగణితం ఈ నిర్వచనం మీదే నిలబడింది. అంటే యూక్లిడ్‌ని పక్కకు నెట్టేసిందని మీరనుకున్న కలనగణితం కింద ఉన్నదీ ఆ పునాదే. జ్యామితి మిగతా ఖాళీల్ని 1882లో పాష్, 1899లో హిల్బర్ట్ అనే జర్మన్ గణితజ్ఞులు పూడ్చారు.

ఐదో స్వీకృతం కథ ఇంకా పెద్దది. మొదటి నాలుగూ చిన్న మాటలు. ఐదోది చూడండి: ఒక రేఖ రెండు రేఖల్ని ఖండించినప్పుడు ఒకవైపు అంతరకోణాల మొత్తం రెండు లంబకోణాలకంటే తక్కువైతే, ఆ రెండు రేఖల్నీ పొడిగించగా అవి ఆ వైపున కలుస్తాయి. ఇది స్వీకృతంలా లేదు, నిరూపించాల్సిన ప్రవచనంలా ఉంది. యూక్లిడ్‌కీ అది ఇబ్బందిగానే తోచిందని నా నమ్మకం, ఎందుకంటే మొదటి 28 ప్రవచనాల్లో దాన్ని ముట్టుకోలేదు. 29వ దానిలో ఇక తప్పక వాడాడు. దాన్ని మిగతా నాలుగింటి నుంచి తీయాలని ఐదో శతాబ్దంలో ప్రోక్లస్, ఆ తర్వాత ఒమర్ ఖయ్యాం, పైన చెప్పిన తూసీ, 1733లో సాకేరీ, అందరూ ప్రయత్నించారు. సాకేరీ అది తప్పనుకుని బయల్దేరి, వైరుధ్యం కోసం వెతుకుతూ వింత ఫలితాలెన్నో రాశాడు. వైరుధ్యం మాత్రం దొరకలేదు. దొరికిందని తనను తాను ఒప్పించుకుని పుస్తకం ముగించాడు. కొత్త జ్యామితి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి చూసి, తలుపు మూసేసి వచ్చాడాయన. నాకు ఆయన మీద జాలి.

హంగరీలో ఫర్కష్ బోయాయ్ ఈ సమస్య మీద ఏళ్లు పోగొట్టుకుని, దీని జోలికి పోవద్దని కొడుకు యానోష్‌ని ఉత్తరాల్లో బతిమాలాడు. కొడుకు వినలేదు. 1832లో తండ్రి పుస్తకానికి అనుబంధంగానే అతని కొత్త జ్యామితి అచ్చయింది. అంతకుముందే 1829లో కజాన్‌లో లోబచెవ్‌స్కీ ప్రచురించాడు. గౌస్ తనకీ ఇది తెలుసన్నాడు గానీ అచ్చు వేయలేదు. ఆ జ్యామితిలో బయటి బిందువు గుండా ఒక రేఖకు ఎన్నో సమాంతర రేఖలుంటాయి, త్రిభుజ కోణాల మొత్తం 180కి తక్కువ. 1868లో బెల్‌ట్రామీ దానికి నమూనా ఇచ్చాక తేలిందేమిటంటే, యూక్లిడ్ జ్యామితిలో వైరుధ్యం లేకపోతే ఇందులోనూ ఉండదు. అంటే ఐదోదాన్ని మిగతావాటి నుంచి తీయడం సాధ్యం కాదు. దాన్ని ఒప్పుకోలుగా విడిగా రాయడమే సరైన పని అని ఇన్ని శతాబ్దాల తర్వాత రుజువైంది. 1854లో రీమాన్ ఒంపు చోటుచోటుకీ మారే జ్యామితుల్ని ప్రతిపాదించాడు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణను రాసింది ఆ భాషలోనే.

చాలామంది టీచర్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. బత్తాయి మీద మూడు లంబకోణాల త్రిభుజం గీసి "ఐదో స్వీకృతం పోయింది చూడండి" అంటారు. గీయడం బాగుంటుంది, నేనూ గీయించేవాణ్ని. కానీ గోళం మీద పోయేది ఐదోది ఒక్కటే కాదు. రేఖని ఎంతైనా పొడిగించవచ్చన్న భావం కూడా పోతుంది, చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది కాబట్టి. అందుకే ఐదోదాన్ని ముట్టుకోని 16వ ప్రవచనం కూడా, అంటే త్రిభుజ బాహ్యకోణం ఎదుటి అంతరకోణాల్లో ఏ ఒక్కదానికంటే అయినా పెద్దదన్నది, గోళం మీద నిలవదు. ఐదోది మాత్రమే మార్చి మిగతా నాలుగూ ఉంచితే వచ్చేది బోయాయ్, లోబచెవ్‌స్కీల జ్యామితి.

గుర్తుల్లేని స్కేలు, వృత్తలేఖినితో సాధ్యం కాని మూడు సమస్యల గురించి కొంచెమే చెబుతాను. ఘనాన్ని రెట్టింపు చేయడం, ఏ కోణమిచ్చినా మూడు సమభాగాలు చేయగల పద్ధతి అసాధ్యమని 1837లో వాంట్‌జెల్, వృత్తానికి సమాన వైశాల్యంగల చతురస్రం గీయడం అసాధ్యమని 1882లో లిండెమాన్ నిరూపించారు. ఆ దారిలో ఎంతో బీజగణితం పుట్టింది. కోణ త్రిభాగం చేశామంటూ నాకు అప్పుడప్పుడు కాగితాలు పంపేవారు. ఒకాయన బొమ్మ ఎంత నీటుగా ఉందంటే కోణమానిని పెడితే తేడా తెలియదు. అయినా 60లో మూడోవంతైన 20 డిగ్రీల కోణం ఆ రెండు పరికరాలతో రాదు, వస్తే అది సుమారు విలువే. స్కేలు మీద గుర్తులు పెట్టుకోవచ్చంటే మాత్రం వస్తుంది, ఆర్కిమెడీస్ పేరుమీద ఆ పద్ధతి ఉంది. ఆ పెద్దాయనకి ఇది చెబితే బాధపడలేదు, మర్నాడు గుర్తుపెట్టిన స్కేలుతో గీసి తీసుకొచ్చారు.

ఆర్కిమెడీస్ వృత్తంలోనూ వృత్తం చుట్టూ 96 భుజాల బహుభుజులు తీసుకుని, π విలువ 3 10/71 కన్నా ఎక్కువ, 3 1/7 కన్నా తక్కువ అని నిరూపించాడు. మనం బడిలో వాడే 22/7 అందులో ఎగువ హద్దే. పిల్లలకి దాన్నే అసలు విలువగా చెప్పేస్తున్నాం, అది నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఆయన చేసింది రెండు వైపులా హద్దులు కట్టడం.

గ్రీకు పద్ధతికీ హద్దులున్నాయి. సంఖ్యలకీ పొడవులకీ మధ్య వాళ్లు గట్టి గోడ కట్టుకున్నారు. సున్నాతో కూడిన స్థానవిలువల అంకెలు, రుణసంఖ్యలతో లెక్కలు మనవైపు పెరిగాయి, బీజగణితం అరబీలో ఎదిగింది. అవి కలవకపోతే 1637లో డెకార్ట్ నిరూపక జ్యామితి లేదు. ఒక్క గ్రీకుల నుంచే గణితమంతా వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మీ అబ్బాయికి ఏం చేయాలంటే, స్వీకృతాలు బట్టీ పట్టించకండి. 47వ ప్రవచనం తీసుకుని వెనక్కి నడిపించండి. దాని ఉపపత్తిలో 46, 41, 31, 14, 4 ప్రవచనాలు వాడతారు. 41కి 37 కావాలి. అలా "ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతూ పోతే ఓ పది రోజుల్లో స్వీకృతాల దగ్గర తేలతాడు. మా ఇంట్లో మనవరాలితో ఈ వేసవిలో చేశాను. దారిలో రెండుచోట్ల నేనే తడబడ్డాను, ఆ పిల్లే సరిదిద్దింది.

ఇక బాబు ప్రశ్న. యూక్లిడ్‌కి డిగ్రీలు లేవు. ఒక రేఖ మీద ఇంకో రేఖ నిలబడినప్పుడు పక్కపక్క కోణాలు రెండూ సమానమైతే వాటిని లంబకోణాలు అన్నాడు, అంతే. కాబట్టి ఇక్కడి లంబకోణం, ఇంకోచోట గీసిన లంబకోణం ఒకటేనని నిర్వచనం చెప్పదు. ఒకటేనని చెప్పకపోతే ఐదో స్వీకృతంలో "రెండు లంబకోణాలు" అన్న కొలతకి అర్థమే లేదు. (హిల్బర్ట్ తన స్వీకృతాల నుంచి దీన్ని నిరూపించాడు, కానీ ఆయన స్వీకృతాలు వేరు.) నాలుగోది పనిచేయని చోటు బాబు చేతుల్తోనే చేయవచ్చు. ఒక గుండ్రటి కాగితంలో పావు ముక్క కత్తిరించి తీసేసి, అంచులు అతికించి శంకువు చేయమనండి. దాని కొన చుట్టూ ఇప్పుడున్నది 270 డిగ్రీలే. కొన గుండా వెళుతూ రెండు పక్కలా సమానంగా ఉండే రేఖ గీస్తే ఒక్కో పక్క 135. ఆ కొన దగ్గరే దాని మీద ఇంకో రేఖ నిలబెట్టి పక్కపక్క కోణాలు సమానం చేస్తే ఒక్కొక్కటీ 67.5. యూక్లిడ్ నిర్వచనం ప్రకారం అది లంబకోణమే. అదే శంకువు మీద కొనకి దూరంగా ఇంకో లంబకోణం గీయమనండి, అక్కడ 90 వస్తుంది. అతికింపు విప్పి, కాగితం పరిచి, రెండూ కోణమానినితో కొలవమనండి. ఏమొచ్చిందో ఇక్కడ రాయండి.